సెరెయిమా మేడమ్ తగువుల చాప

మధ్యాహ్నం అన్నాల గంట కొట్టగానే సెరెయిమా మేడమ్ చంకలో చాప ఇరికించుకుని ఏడో తరగతి గదిలోంచి బయటికి వచ్చిందంటే ఆ రోజు మంగళవారమో గురువారమో అయ్యుండాలి. బడి వెనక మామిడి చెట్టు కింద ఆ చాప పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు చెప్పులు పెట్టేది. రెండు ఆమెవి. మిగతా రెండూ ఎనిమిదో తరగతి చెప్పే వైసాలే మాస్టర్‌వి. వాటి కోసం ఆయన వరండాలో ఒట్టికాళ్లతో వెతుక్కుంటూ ఉండేవాడు.

దీవుల దేశపు రాజధాని సువా శివార్లలోని ఆ బడిలో పిల్లల తగువులు తీరేది ఆ చాప మీదే. తీర్చేది మేడమ్ కాదు, పిల్లలే. పై తరగతుల నుంచి ఏరిన ఎనిమిది మంది, భుజానికి అడ్డంగా పసుపు పట్టీ వేసుకుని, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా కూర్చునేవాళ్లు. తగువు పడ్డ ఇద్దరూ వచ్చి ఎదురెదురుగా కూర్చుంటే, ఒకరి మాట ఒకరి చెవికి ఎక్కేలా చూడటం పట్టీ పిల్లల పని. తీర్పు చెప్పకూడదు. తప్పెవరిదో తేల్చకూడదు. సలహా నాలుక చివరిదాకా వచ్చినా మింగెయ్యాలి. పదమూడేళ్ల పిల్లలకు అది కష్టమేనని మేడమ్‌కి తెలుసు, ఎందుకంటే యాభైకి దగ్గరపడ్డ తనకే అది కష్టంగా ఉండేది.

చాప రాకముందు తగువులన్నీ హెడ్ మాస్టర్ దేవ్‌నాథ్ గది ముందు వరస కట్టేవి. గోళీలు, తాడాటలో వంతులు, రగ్బీ బంతి, ఎవరి రొట్టె కూర ఎవరు తిన్నారన్న గొడవ. వినీ వినీ ఆయనకు తలప్రాణం తోకకొచ్చేది. ఎవరిది న్యాయమో తేల్చే ఓపిక లేక ఇద్దరి చేతా మైదానంలో చెత్త ఏరించేవాడు. మైదానం అద్దంలా మెరిసేది గానీ తగువులు ఒక్కటీ తగ్గలేదు. ఇలాగైతే రిటైరయ్యేలోపు నాకు పిచ్చెక్కుతుందని ఆయన ఒకరోజు టీ తాగుతూ వాపోతే, వారానికి రెండు మధ్యాహ్నాలు నాకివ్వండి, చూద్దాం అంది సెరెయిమా. మరి చెత్త ఎవరు ఏరతారని ఆయన దిగులుపడ్డాడు.

ఆమెకు ఆ ధైర్యం ఊరికే రాలేదు. చిన్నప్పుడు తన దీవి మొత్తానికి పేరుమోసిన తగువులమారి సెరెయిమానే. అయిదుగురు పిల్లల్లో పెద్దది కావడంతో అందరి తరఫునా అందరితోనూ దెబ్బలాడేది. వాళ్లమ్మ లోసెనా చిరిగిన వల బాగుచేసుకుంటూనే ఆ అయిదుగురి పంచాయితీలూ నడిపేది. ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఒకరు చెబుతున్నంతసేపూ రెండోవాళ్లు నోటి నిండా నీళ్లు పట్టుకుని కూర్చోవాలి. మింగకూడదు, ఉమ్మకూడదు. ఒకరిది అయ్యాక నీళ్లు రెండోవాళ్ల నోట్లోకి మారతాయి. ఆ నీళ్ల పుణ్యమా అని తమ్ముళ్లకు కూడా చెప్పుకోడానికి బాధలుంటాయని సెరెయిమాకు మొదటిసారి తెలిసింది.

బడిలో తన గుంపుకు ఆమె నేర్పిన మొదటి ఆట అదే. బుధవారం బడి వదిలాక సాధన జరిగేది. రొట్టెల దుకాణం వాళ్లబ్బాయి అవినేష్ తన తమ్ముడి ఆగడాలు ఏకరువు పెడుతుంటే, ఎదురుగా బుగ్గలు ఉబ్బించుకుని కూర్చున్న కెలెరా నవ్వాపుకోలేక నీళ్లన్నీ వాడి ముఖాన చిమ్మేసింది. ఆ పిల్ల పాస్టర్ గారి అమ్మాయి, మాట పొదుపు, నవ్వు మాత్రం ధారాళం. ఆ రోజు తడవని చొక్కా ఒక్కటీ లేదు. మరుసటి వారం మేడమ్ వాళ్లను వీపులు ఆనించుకుని కూర్చోబెట్టి, ఒకరు బొమ్మ గురించి చెబుతుంటే రెండోవాళ్లు చూడకుండా గీయాలంది. కెలెరా తెరచాప పడవ గురించి పూసగుచ్చినట్టు చెప్పింది. అవినేష్ కాగితం మీద గొడుగు పట్టుకున్న పంది తేలింది. మేడమ్ ఆ పందిని గోడకు అంటించి, మనం చెప్పేది అవతలివాళ్లకు ఇలాగే చేరుతుంది, అందుకే విన్నది తిరిగి చెప్పి సరిచూసుకోవాలి అంది. ఏడాది పొడవునా ఆ పంది గోడ మీదే ఉంది.

అన్నిటికన్నా కష్టమైంది ‘ఇంకా’ ఆట. ఎదుటివాళ్లు చెప్పి ఆగగానే మెత్తగా ‘ఇంకా?’ అని అడిగి ఊరుకోవాలి. వాళ్లు మళ్లీ ఆగితే మళ్లీ అడగాలి. మొదట పైకొచ్చేది ఈ రోజు గొడవే గానీ, కడుపులో ఉన్న మాట అంత త్వరగా రాదని మేడమ్ నమ్మకం. అది నిజమేనని పట్టీ పిల్లలకూ తొందరగానే తెలిసొచ్చింది. తాడాట దగ్గర జుట్టు జుట్టు పట్టుకున్న నాలుగో తరగతి ఆడపిల్లలిద్దరిని కూర్చోబెట్టి ‘ఇంకా?’, ‘ఇంకా?’ అని అడగ్గా అడగ్గా, బస్సులో ఇది నా పక్కన కూర్చోవడం మానేసిందని ఒకతె భోరుమంది. రెండోది బిత్తరపోయి, నీకు కిటికీ పక్క సీటు ఇష్టమని ముందుకెళ్లి కూర్చుంటున్నా అంది. తాడు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఇక వైసాలే మాస్టర్ సంగతి. ఆయనది కొండల్లో ఊరు, ఆమెది దీవి. ఆ రెండు ఊళ్లూ ఒకదానికొకటి తౌవులు. పూర్వం ఇద్దరి దేవుడూ ఒక్కడే కావడంతో వచ్చిన చుట్టరికం అది. తౌవు ఎదురుపడితే తిట్టాలి, చేతిలో ఉన్నది లాక్కోవాలి, నలుగురిలో పరువు తీయాలి. కోపం తెచ్చుకున్నవాళ్లు ఓడినట్టు లెక్క. బావామరదళ్ల సరసాన్ని ఊళ్లకు ఊళ్లు ఆడుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆయన ఈ బడికి బదిలీ అయి వచ్చి స్టాఫ్ రూమ్‌లో తన ఊరి పేరు చెప్పీ చెప్పగానే, సెరెయిమా లేచి వెళ్లి ఆయన ముందున్న టీ కప్పు తీసుకుని గటగటా తాగేసింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

“అమ్మయ్య, ఈ ఊళ్లో ఒంటరివాణ్ణి అయిపోయానే అనుకున్నా. చేపల కంపు కొడుతోందేంటా అని అప్పట్నుంచీ చూస్తున్నా, నువ్వన్నమాట” అన్నాడు.

అది మొదలు ఆమె డబ్బాలోని కర్రపెండలం ఏనాడూ మధ్యాహ్నం దాకా నిలవలేదు, ఆయన చెప్పులు ఏనాడూ విప్పినచోట దొరకలేదు. లోసెనా ముసలమ్మ ఓడ దిగి కూతురింటికి వచ్చినప్పుడల్లా పనిగట్టుకుని బడికి వచ్చి, ఎనిమిదో తరగతి కిటికీలోంచి తొంగిచూసి, ఈత రాని కొండ కోతీ, ఇంకా మునగలేదా అని పిల్లలందరి ముందూ పలకరించేది. ముసలిదానా, నిన్ను సొరచేపలు కూడా ముట్టుకోవు కదా అని ఆయన బదులిచ్చేవాడు. ఇద్దరూ గోడ పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ రోజు ఎనిమిదో తరగతికి లెక్కలు జరిగేవి కావు.

ఈ తౌవుల మూలంగానే పట్టీ పిల్లలకు ఒకసారి భంగపాటయింది. ఇద్దరు చిన్న కుర్రాళ్లలో ఒకడు రెండోవాడి సంచి కప్పు మీదికి విసిరేసి, వాడి ఊరు ఊరంతా పందులేనని అరుస్తుంటే, పట్టీ పిల్లలు వాళ్లను చాప మీదికి లాక్కొచ్చారు. అలా అంటే నీకేమనిపించిందని ఎంతో శ్రద్ధగా అడిగారు. భలే ఉందన్నాడు సంచి పోయినవాడు. మేం తౌవులం అని ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వారం రోజులు బడి మొత్తం పట్టీ పిల్లలను ఆటపట్టించింది. అప్పుడు మేడమ్ ఒక కట్టడి పెట్టింది. ముందు తౌవులేమో అడగండి, అవునంటే చాప అక్కర్లేదు, పంపించెయ్యండి అని. తౌవుకి తౌవు వల్ల నొప్పి కలగడం అనేది ఉంటుందని ఆమెకూ అప్పట్లో తోచలేదు.

మొదటి టర్మ్ సెలవుల్లో లోసెనా పోయింది. నిద్రలోనే పోయింది, ఎవరినీ కష్టపెట్టకుండా. సెరెయిమా దీవికి వెళ్లింది. చావింట్లో తౌవులకు ఒక పని ఉంది. ఏడుపుల మధ్యలోకి వచ్చి కోతి చేష్టలు చేయాలి, వంటవాళ్ల గిన్నెలు ఎత్తుకుపోవాలి, పోయినవాళ్లను కూడా నాలుగు తిట్టి అందరినీ నవ్వించాలి. అలా నవ్వితేనే దుఃఖం దిగుతుంది. వైసాలే ఓడలో వస్తున్నాడని తెలిసి దీవి ఆడవాళ్లు గరిటెలు దాచేసి మరీ ఎదురుచూశారు. ఆయన వచ్చాడు. మగవాళ్ల వెనక వరసలో తలవంచుకుని కూర్చున్నాడు. చావింటికి ఆనవాయితీగా తెచ్చే చాపలు సమర్పించి, పరాయి ఊరివాళ్లు చెప్పే మర్యాద మాటలు చెప్పి, అదే ఓడలో తిరిగి వెళ్లిపోయాడు. సెరెయిమా ఏడవలేదు, నవ్వలేదు. పనులన్నీ చూసుకుంటూ కొయ్యబారిపోయినట్టు తిరిగింది.

బడి తెరిచాక వైసాలే మర్యాద ఇంకా ఎక్కువైంది. నువ్వు అనే మనిషి మీరు అనసాగాడు. తలుపు తీసి పట్టుకునేవాడు. ఆమె కర్రపెండలం డబ్బాలో క్షేమంగా ఉండేది, దాన్ని చూస్తేనే ఆమె ఆకలి చచ్చిపోయేది. ఒకరోజు ఆశ చావక ఆయన చెప్పులు తీసి చాప మూలల్లో పెట్టింది. ఆయన చూసి, పర్లేదు మేడమ్, ఉంచుకోండి అని ఒట్టికాళ్లతో వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఆమె రాళ్లు పెట్టుకుంది.

బయటివాళ్లకు అందులో తప్పేమీ కనపడదు. పెద్దమనిషి తరహాగా ఉంటున్నాడని దేవ్‌నాథ్ మెచ్చుకున్నాడు కూడా. కానీ సరసం మానేసిన తౌవు, బంధం తెంపుకున్న తౌవే. అమ్మతో పాటు అమ్మను తిట్టిన మనిషి కూడా పోతే, అమ్మ నవ్వు గుర్తున్నవాళ్లు ఈ ఊళ్లో ఇక తనకెవరున్నారు? సెరెయిమాకు అస్తమానూ అదే ధ్యాస. చెప్పుకుందామంటే ఎవరితో చెప్పుకోవాలి, నన్నీ మనిషి తిట్టడం లేదని?

టర్మ్‌కి ఒకసారి పట్టీ పిల్లలకు ఓ పరీక్ష ఉండేది. పెద్దవాళ్లిద్దరు ఉత్తుత్తి తగువు ఆడితే దాన్ని వాళ్లు చాప మీద విప్పాలి. ఈసారి ఎవరు కావాలని అడిగితే, ఎనిమిది మందీ ఏకగ్రీవంగా సెరెయిమా మేడమ్, వైసాలే మాస్టర్ అన్నారు. బడిలో వాళ్లంత బాగా దెబ్బలాడేవాళ్లు ఎవరున్నారు మరి? కాదనడానికి కారణం దొరక్క ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆయన ఆమె గొడుగు అడిగి తీసుకుని బస్సులో పారేసుకున్నట్టు కథ అల్లుకున్నారు. అల్లుకున్నంతసేపూ ఆయన మీరు, మీరు అంటూనే ఉన్నాడు.

బుధవారం చాప చుట్టూ పట్టీ పిల్లలంతా చేరారు. దేవ్‌నాథ్ కూడా టీ కప్పుతో వచ్చి చెట్టు వేరు మీద కూర్చున్నాడు. కెలెరా, అవినేష్ మధ్యలో. కట్టడి ప్రకారం కెలెరా ముందుగా, మీరిద్దరూ తౌవులా అని అడిగింది. అవునన్నాడు వైసాలే. అయితే చాప అక్కర్లేదు, వెళ్లిపొండి అంది ఆ పిల్ల. చెట్టు కింద అందరూ ఘొల్లుమన్నారు. ఉత్తుత్తిదేగా, కానివ్వమని అవినేష్ ఆమె మోచేయి పొడిచి, మాస్టర్‌కి నీళ్ల గ్లాసు అందించాడు. ఆయన బుగ్గలు నింపుకుని కూర్చున్నాడు.

సెరెయిమా గొడుగు గురించి చెప్పింది. నీలం గొడుగు, కొత్తది, వానలో తడిసి జలుబు చేసిందని. అవినేష్ అంతా తిరిగి చెప్పాడు. కెలెరా ‘ఇంకా?’ అంది.

చెప్పాపెట్టకుండా పారేశాడు కదా, అదీ కోపం అంది సెరెయిమా. కెలెరా తలూపి, ‘ఇంకా?’ అంది మళ్లీ, మేడమ్ నేర్పినంత మెత్తగా.

“పారేసినవాడు పారేసినట్టు ఉండొచ్చుగా. క్షమించండి మేడమ్ అంటాడు, తలొంచుకుని.” ఇది అల్లుకున్న కథలో లేదు. సెరెయిమా గొంతు మారిందని అందరికంటే ముందు ఆమెకే తెలిసింది. నవ్వేసి లేచిపోదామనుకుంది. కెలెరా కదలకుండా ఆమె ముఖంలోకే చూస్తోంది.

“ఇంకా, మేడమ్?”

“మా అమ్మ ముందు కూడా అలాగే కూర్చున్నాడు. దీవి అంతా వీడి కోసం కాచుక్కూర్చుంది. గరిటెలు దాచుకున్నారు మా వాళ్లు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే మా అమ్మ సంతోషంగా వెళ్లేది. నేనూ ఏడ్చి ఉండేదాన్ని. పరాయివాళ్లకి మల్లే చాపలిచ్చి పోయాడు. నా తౌవు నాకేం కానివాడైపోయాడు.”

 ఇది ఉత్తుత్తిది కాదని పిల్లలందరికీ అర్థమైంది. వైసాలే బుగ్గల నిండా నీళ్లున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మింగడానికి లేదు, ఉమ్మడానికి లేదు. దేవ్‌నాథ్ కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. పరీక్ష ఆపాలేమోనని అవినేష్ దిక్కులు చూశాడు. కెలెరా మాత్రం మేడమ్ చెప్పింది పొల్లుపోకుండా, ఒక్క సలహా కలపకుండా తిరిగి చెప్పింది. తన మాటే ఆ పిల్ల నోట వినపడేసరికి సెరెయిమాకు మోస్తున్న బరువులో సగం దించినట్టయింది.

నీళ్లు మారాయి. వైసాలే ముఖం తుడుచుకున్నాడు.

“సంచిలో గౌను తెచ్చుకున్నా. మా అక్కది, పూల గౌను. అది వేసుకుని గెంతుకుంటూ రావాలనే. ఓడలో దారంతా వాంతులు చేసుకుంటూనే తిట్లు నేర్చుకున్నా. తీరా వచ్చి చూస్తే నువ్వు ఏడవట్లేదు. ఏడ్చేవాళ్లనైతే నవ్విస్తా. నిన్నలా చూసి భయమేసింది.”

‘ఇంకా?’ అన్నాడు అవినేష్, ఈసారి తన వంతని గుర్తొచ్చి.

“ఆ ముసలిది లేచి నన్ను తిట్టదని అప్పుడు తెలిసింది. నాకే ఏడుపు ముంచుకొచ్చింది. తౌవు ఏడిస్తే నలుగురూ ఏమంటారు? తల దించేసుకున్నా. ఆ తర్వాత నోరు తెరిస్తే ఎక్కడ నీకు గుచ్చుకుంటుందోనని మర్యాదలోకి దూరి కూర్చున్నా. బయటికి రావడం ఎలాగో తెలియలేదు.”

ఇప్పుడు మీకేం కావాలి అని అడిగింది కెలెరా. సెరెయిమా నోట్లో నీళ్లు గుటుక్కున మింగేసింది. చాప మీద ఆ నీళ్లు మింగింది ఇప్పటిదాకా ఆమె ఒక్కతే.

“నన్ను తిట్టమనండి” అంది.

అవినేష్ ఇబ్బందిగా, చాప మీద తిట్లు కుదరవు మేడమ్, ఆ నియమం మీరే పెట్టారు అని గుర్తుచేశాడు. అయితే చాప దిగి తిట్టుకుంటారు అని కెలెరా తేల్చేసింది. తీర్పు చెప్పకూడదన్న నియమం అక్కడ కాస్త తప్పింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరు టీచర్లూ లేచి, ఎండలోకి వెళ్లి నిలబడి, బడంతా వినేలా ఒకరి ఊరిని ఒకరు ఉతికి ఆరేసుకున్నారు. కొన్ని మాటలకు దేవ్‌నాథ్ చెవులు మూసుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే లోసెనా నూరో రోజు వచ్చింది. విందు సువాలోనే, తమ్ముడింట్లో. ఆ రోజుతో మైల తీరుతుంది కాబట్టి ఆడవాళ్లంతా పొద్దున్నే నల్లబట్టలు విడిచి రంగుబట్టలు కట్టుకున్నారు. సెరెయిమాకే మనసు రాలేదు. నల్లబట్టల్లోనే అటూ ఇటూ తిరుగుతూ, వేడి రాళ్ల గోతిలో కాలుతున్న పందిని, చేమదుంపలను చూసుకుంటోంది.

అన్నాల వేళకి వీధి మలుపులో ఒక భారీ ఆడమనిషి ప్రత్యక్షమైంది. భుజాల దగ్గర పిగిలిపోతున్న పూల గౌను, తలకు కొబ్బరి పీచు, చేతిలో కర్ర. వంగి, ఒక మోకాలు ఈడుస్తూ, రెండడుగులకోసారి ఆగి అందరినీ ఎగాదిగా చూస్తూ, అచ్చం లోసెనా నడకే. తిన్నగా పొయ్యి దగ్గరికి పోయి, కుండలో వేలు ముంచి నాకి, చేపలో ఉప్పేదర్రా, నేను పోయానని ఉప్పు కూడా మానేశారా అంది, అచ్చం లోసెనా గొంతుతో. పెద్దమ్మ తిమలెతి ఈనెల చీపురు తీసుకుని వెంటపడింది. గౌను ఎత్తి పట్టుకుని వైసాలే వాకిలంతా పరిగెత్తాడు. ముసలివాళ్లు కూర్చున్నచోటే పొర్లి నవ్వారు. కొందరు నవ్వుతూనే కళ్లు ఒత్తుకున్నారు, మనిషి వచ్చినట్టే ఉందని.

పరుగు ఆపి, రొప్పుతూ, ఆ ఆకారం సెరెయిమా ముందుకొచ్చి నిలబడింది. కర్ర మీద గడ్డం ఆనించి కిందినుంచి పైకి చూసింది.

“ఏమే, అందరూ మార్చుకున్నారు, నీకేమైంది? నా కోసమే ఈ నలుపంతా? నేను నీకెప్పుడైనా నల్లగౌను కుట్టించానా?”

సెరెయిమా నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వింది, వంగిపోయి నవ్వింది. ఆ నవ్వులోంచే, దీవిలో రాని ఏడుపు వచ్చింది. వెక్కి వెక్కి ఏడుస్తూ గౌను వేసుకున్న ఆ మొరటు భుజం మీద తల పెట్టేసింది. వైసాలే కదల్లేదు, తన గొంతులోకి మారలేదు. వెళ్లు, ఆ ఎర్రపూల గౌను వేసుకో, అది నీకు బాగుంటుంది అన్నాడు, లోసెనా లాగే.

“వేసుకుంటాలే అమ్మా” అని సెరెయిమా కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.